కాలిన తోటకు మొదటి వరస

ఆ ఏడు మా వడమాలపేట చుట్టుపక్కల మూడు కోతలు జోరుగా సాగాయి. చెరుకు కోత, కరెంటు కోత, నేను కోసిన కోతలు. నాలుగోది కూడా ఒకటి ఉంది. దానికి అప్పట్లో పేరు తెలియదు. ఇప్పుడు తెలిసినా చెప్పబుద్ధి కాదు.

1986 డిసెంబరు. కైలాసకోన సహకార చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం మొదలయ్యే వారం ముందు మద్రాసు నుంచి కంప్యూటరు దిగింది. దాని వెనకే నేనూ దిగాను. అది అట్టపెట్టెలో వచ్చింది, నేను బస్సులో వచ్చాను, అంతే తేడా. ఇద్దరికీ పూజ చేశారు. టేబులు నాలుగు కాళ్ళ కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, చక్రాల్లేని వాహనం కాబట్టి టేబుల్నే అటూ ఇటూ జరిపి నలిపారు. కొబ్బరినీళ్ళు కీబోర్డు మీద చల్లబోయిన పూజారి చేతిని నేను గబుక్కున పట్టుకున్నాను. ఆ సీజన్లో నేను సమయానికి అడ్డుపడిన పని అదొక్కటే.

కంప్యూటరు గది పక్కనే, చక్కెర తీయగా మిగిలిన మడ్డి నిలవ చేసే తొట్టి. అందుకని కంపు బయట, మిగతా యూటరు లోపల అని నేనే చెప్పి నేనే నవ్వేవాణ్ణి. నా పేరు ఆదిమూలం. మా నాయన ఏ ముహూర్తాన పెట్టాడో గానీ, ఆ సీజనుకు ఆదీ నేనే, మూలమూ నేనే అని తర్వాత తేలింది.

పని చెప్తాను. చెరుకు రైతు తన ఇష్టం వచ్చినప్పుడు తోట నరకడానికి లేదు. ఫ్యాక్టరీ వాళ్ళు "ఫలానా రోజు నరుకు" అని చీటీ ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో కటింగ్ ఆర్డరు అంటారు, రైతులు పర్మిట్టు అంటారు. అంతకు ముందు ఆ చీటీలు రాసేది కేన్ ఆఫీసరు చెంగయ్య. ఎవరి నాటుకోడి ముందు ఆయన చట్టిలో ఉడికితే వాళ్ళ చెరుకు ముందు గానుగలో పడేది. ఇకమీదట ఆ వరస కంప్యూటరు వేస్తుంది. దానికి నేర్పేది నేను.

మొదటి రోజే ఛైర్మన్ దొరస్వామి వచ్చి చెప్పులు బయట విడిచి, కంప్యూటరుకు ఒక నమస్కారం పెట్టి కూర్చున్నాడు.

"ఏమప్పా ఆదిమూలం, ఈ మిషను చెప్పింది చేస్తాదా?"

"చెప్పింది చేస్తుంది సార్. చెప్పనిది చెయ్యదు. చెప్పి మనం మరిచిపోయినా అది మరిచిపోదు."

"అయితే మా చెంగయ్యకు పూరా రివర్సు!"

గదంతా నవ్వు. చెంగయ్య కూడా నవ్వాడు, పళ్ళతో మాత్రం.

నేను ఒక తెల్లకాగితం తీశాను. ఏం కావాలో ముందే రాసుకుందాం, మీరు సంతకం పెట్టండి, ఆ తర్వాత ఏ మార్పు కావాలన్నా ఈ పుస్తకంలో రాసి సంతకం పెడితేనే చేస్తాను అన్నాను. పొడుగాటి నోటు పుస్తకం చూపించాను. అట్ట మీద పసుపు, లోపల మొదటి పేజీలో 'శ్రీ'. "పుస్తకంలో లేని మార్పు లేనట్టే సార్," అన్నాను. మద్రాసులో మా సారు నేర్పిన మాట. అక్కడ అది పద్ధతి. నేను ఇక్కడ దాన్ని సుప్రభాతంలాగా రోజూ చదివాను.

కాగితం మీద రాసింది నాలుగే మాటలు. ముందు నాటినవాడికి ముందు కోత.

దొరస్వామి సంతకం చేశాడు. అంత చిన్న మాటకు అంత పెద్ద సంతకం నేను మళ్ళీ చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో నా కోతలకు అంతు లేదు. మా అన్న మునెయ్య, మా వదిన భారతమ్మ, నేను. మాది ముగ్గురి ఇల్లు. అమ్మానాయనా పోయాక నన్ను పెంచింది వాళ్ళే, మద్రాసు పంపి చదివించింది వాళ్ళే. అన్నకు నాలుగెకరాల చెరుకు. దాన్ని ఆడి బెల్లం వండటానికి సొంత గానుగ, పెద్ద పెనం. మా బెల్లం గడ్డ పగలగొడితే లోపల తేనెరంగు ఉండేది.

"అయితే మనది ఎన్నోదిరా?" అన్నాడు అన్న.

"నలభై ఒకటోది. నువ్వు నాటింది పోయిన జనవరి మూడో తేదీ. వచ్చే జనవరి పదో తేదీకంతా నీ తోట ఖాళీ."

"ఎవురినీ అడుక్కోబల్లేదా?"

"అడుక్కునేదానికి ఆడ మనిషే లేడు న్నా. మిషను."

అన్న కాసేపు తన గానుగ వైపు చూశాడు. "ఫ్యాక్టరీకి రాసిస్తే మళ్ళా బెల్లం వండేదానికి ఒప్పుకోరంట గదా."

"బెల్లం ఎందుకు న్నా ఇంక? రాత్రిళ్ళు పొయ్యి ముందర కూసోని కండ్లు పొగబెట్టుకునేదానికా? విప్పెయ్యి."

విప్పేశాడు. పెనం బంగారుపాళ్యంలో వదిన పుట్టింటివాళ్ళకు ఇచ్చేశాడు. దాన్ని బండి మీదకు ఎక్కిస్తుంటే వదిన ఒక్కసారి దాని అంచు తుడిచింది. "చెరకు వేసినవాడు చెరకు పోయినట్టే వదినా, ఇంక అన్నకు విడుదల," అన్నాను. వాళ్ళిద్దరూ నవ్వారు. నా మాటలకు వాళ్ళు ఎప్పుడూ నవ్వేవాళ్ళు. అర్థమైనా, కాకపోయినా.

మొదటి మార్పు రెండో వారంలోనే వచ్చింది.

"డీజిలు ఖర్చు జాస్తి అయితా ఉండాది. పది మైళ్ళ లోపల తోటలకు ముందు ఇయ్యల్ల," అన్నాడు ఒక డైరెక్టరు. న్యాయమే. రాశాను, సంతకం పెట్టాడు, మార్చాను. మా ఊరు పన్నెండు మైళ్ళు. అన్న నలభై ఒకటి నుంచి తొంభై ఆరుకు జరిగాడు.

తర్వాత చెంగయ్య వచ్చాడు. "మూలం అప్పా, నరికిన మొదళ్ళ నుంచి మళ్ళీ మొలిచిన తోటలు తొందరగా ఎండతాయి. వాటికి ముందు." అదీ న్యాయమే. అన్నది కొత్తగా నాటిన తోట. నూట డెబ్భై.

ఆ తర్వాత ట్రాక్టర్లున్నవాళ్ళకు ముందు, ఎద్దుల బండ్లు గేటు దగ్గర అడ్డం పడుతున్నాయని. అన్నవి బండ్లు. రెండు వందల నలభై నాలుగు.

ప్రతి మార్పుకూ ఒక న్యాయమైన ముఖం ఉండేది. దాని వెనక వీపు ఎవరిదో నేను చూడలేదు. చూడాలని కాగితంలో రాసి లేదు కదా. పుస్తకంలో రాసి ఉందా, కింద సంతకం ఉందా, అంతవరకే నా చూపు. మార్పు అడిగేవాడికి ఓర్పు ఉండదు, చేసేవాడికి నేర్పు ఉండాలి, చివరికి అందరికీ నిట్టూర్పు అని నేను ఒక సూక్తి కట్టి గోడకు అంటించాను. డైరెక్టర్లు చదివి మెచ్చుకున్నారు. నిట్టూర్పు ఎవరిదో ఎవరూ అడగలేదు.

ఇంట్లో అన్న మాత్రం వరస తెలుసుకున్న ప్రతిసారీ ఒకటే మాట. "అట్నా?" అని, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకునేవాడు.

ఫిబ్రవరి మొదటి వారంలో కుప్పమ్మ వచ్చింది. పుత్తూరు దారిలో రెండెకరాలున్న ముసలామె. కరెంటు తీగ తెగి ఆమె తోట మీద పడి, తోట కాలిపోయింది. చెరుకు కాలితే ఆకు మాత్రమే పోతుంది, గడ నిలబడే ఉంటుంది. కానీ వెంటనే నరికి ఆడాలి. మూడు రోజులు దాటితే గడలో రసం పులిసిపోతుంది. కుప్పమ్మ ఒక నల్లటి గడను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని గేటు ముందు కూర్చుంది. ఆమె వరస రెండొందల ఎనభై.

"నేనేం తప్పు చేసినా సామీ? తీగ నాదా? కరెంటు నాదా?" అని వచ్చేపోయే బండ్లను అడిగింది.

ఆ రోజు నేనే పుస్తకం పట్టుకుని దొరస్వామి గదిలోకి పోయాను. కాలిన తోటకు మొదటి వరస అని నేనే రాసి సంతకం పెట్టించుకున్నాను. మర్నాడు తెల్లవారి కుప్పమ్మ చెరుకు కాటా ఎక్కింది. ఆమె నాకు దండం పెట్టింది. ఆ పుస్తకంలో ఎవరూ అడగకుండా నేను రాసిన మార్పు అదొక్కటే. నా జన్మలో చేసిన మంచి పని అనుకున్నాను.

ఇంట్లో ఆ కథను చేతులు ఊపి, గొంతు మార్చి, కుప్పమ్మలాగా కూర్చుని చూపించి చెప్పాను. వదిన కొంగుతో కళ్ళొత్తుకుంది. "మంచి పని చేసినావబ్బా," అంది.

"కాలినోళ్ళకి ముందు. అది న్యాయం," అన్నాడు అన్న. మిగతా మార్పుల్లో దేన్నీ ఆయన న్యాయం అనలేదు.

ఆ తర్వాత పదిహేను రోజుల్లో పదకొండు తోటలు కాలాయి.

గేటుకు మేం అంటించిన ఆ మార్పు నోటీసును అగ్నిదేవుడు చదివేశాడన్నమాట. ఒకరి తోట బీడీకి కాలింది, ఒకరిది పెళ్ళి టపాకాయకు. బీడీ ముట్టనివాళ్ళ తోటలు కూడా బీడీలకే కాలాయి. కాలినవాళ్ళంతా ముందుకు దూరారు. కాలనివాళ్ళు వెనక్కి జరిగారు. దొరస్వామి తోట కూడా వెనక్కి జరిగింది. దాంతో ఈ సంగతి సమస్య అయింది.

ఒక గురువారం మధ్యాహ్నం కంప్యూటరు గదిలోనే సమావేశం. దొరస్వామి, చెంగయ్య, నేను.

"ఏం చెయ్యల్లప్పా దీనికి? పోలీసుల్ని పెట్టల్లా?" అన్నాడు దొరస్వామి.

నాకు ఊపొచ్చింది. మాటకు మాట అల్లడం మొదలుపెడితే నాకు ఎదుట ఏముందో కనబడదు. "పోలీసులెందుకు సార్? నిప్పుకు ముందు వరస ఇచ్చాం, నిప్పు లేచింది. చివరి వరస ఇవ్వండి, నిప్పు నిద్రపోతుంది. 'మొదటి' తీసి 'చివరి' పెడితే సరి. ఒక్క మాట! తోట ఆరకముందే వాళ్ళ ఆశ ఆరిపోతుంది!"

దొరస్వామి టేబులు మీద చరిచి నవ్వాడు. నలిగి ఎండిన నిమ్మకాయ ఒకటి కాలికింద నుంచి దొర్లింది.

చెంగయ్య నవ్వలేదు. "ఆ కుప్పమ్మ మాదిరి నిజంగా కాలినోళ్ళు?" అన్నాడు.

కోళ్ళు తిన్న చెంగయ్య అడిగాడు ఆ మాట. నేను కాదు.

"మిషనుకు నిజం, అబద్ధం తెలియవండీ. కాలిందా, కాలలేదా, అంతే," అన్నాను నేను. పుస్తకం తెరిచి కలం తీశాను. "రాస్తాను. శనివారం నోటీసు పెట్టి, సోమవారం నుంచి..."

దొరస్వామి పుస్తకం మూశాడు. గట్టిగా కాదు, మెల్లగానే. "రాస్తే చదవతారు. చదివితే సోమవారం లోపల ఇంకా ఇరవై తోటలు అంటిస్తారు. రేపటి లిస్టు నుంచే మార్చెయ్యి. నోటీసు మళ్ళా చూస్తాం. అందాకా ఎవురికీ చెప్పబాకు. మీ ఇంట్లో కూడా చెరుకు ఉండాదంట గదా?"

"ఉంది సార్."

"అందుకే చెప్తా ఉండా." లేచి, చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "నీ పర్మినెంటు కాగితం నా టేబులు మీదనే ఉండాది. సీజను అయిపోనీ."

ఒక్క మాట మార్చాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఐదు నిమిషాల్లో కరెంటు కూడా పోలేదు.

శుక్రవారం పగలంతా కరెంటు కోత. మధ్యాహ్నం బస్సెక్కి ఇంటికొచ్చాను. అన్న అప్పుడే తోట నుంచి వచ్చాడు. ఒక గడను అడ్డంగా నరికి తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. మధ్యలో తెల్లగా, పొడిగా, బెండు.

"కంకి వేసేసిండాది. లోపల ఇట్లయిపోతా ఉండాది. ఇప్పుడు మన వరస ఎంతరా?"

"మూడొందల పన్నెండు."

"అంటే?"

"ఏప్రిల్ మధ్యలో."

అన్న తలగుడ్డ విప్పాడు. మళ్ళీ చుట్టుకోలేదు. ఏప్రిల్‌కు ఆ తోటలో ఉండేది చెరుకు కాదు, చీపురు. ఆ సంగతి చెప్పడానికి కంప్యూటరు అక్కర్లేదు. అమ్ముకుందామంటే ఫ్యాక్టరీకి రాసిచ్చిన చెరుకు ఎవరూ కొనరు. వండుదామంటే పెనం లేదు. అది తీయించింది నేను.

వదిన రాగి సంగటి పెట్టింది, చెనిక్కాయ ఊరిబిండి పచ్చడి వేసింది. అన్న తినలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, నా మొహం చూడకుండా అడిగాడు.

"ఆదీ, ఆ కాలిన తోటలది... నువ్వు కుప్పమ్మకు చేసింది... అది ఇప్పుడు గూడా అట్లనే ఉండాదా? మొదటి వరసేనా?"

అన్న దీపావళికి కూడా చెరుకు తోట వైపు తారాజువ్వ వదలనిచ్చేవాడు కాదు. మొక్కను కాల్చి బతకాల్నా అని కాల్చినవాళ్ళ మీద కారాలు మిరియాలు నూరేవాడు. అలాంటివాడు అడిగాడు. ఎందుకు అడిగాడో ముగ్గురికీ తెలుసు. వదిన రెండో ముద్ద చేతిలో పట్టుకుని, కంచంలో పెట్టకుండా, నా వైపు చూస్తూ నిలబడింది.

నా నోట్లో సంగటి ముద్ద ఉంది.

"ఊఁ," అన్నాను.

వదిన ముద్ద పెట్టింది. నేను తిన్నాను. చెయ్యి కడుక్కుని మూడు గంటల బస్సుకు వెళ్ళిపోయాను. అన్న అంత పని చేయడనుకున్నానని తర్వాత నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నోట్లో ముద్ద ఉందని కూడా చెప్పుకున్నాను. ముద్ద మింగడానికి ఎంతసేపు పడుతుందో మీకూ తెలుసు.

సాయంత్రం ఐదున్నరకు కరెంటు వచ్చింది. ఆరు గంటలకు ఫీల్డుమేను సైకిలు మీద వచ్చి ఆ రోజు కాలిన తోటల చీటీ ఇచ్చాడు. ఒకటే పేరు. మునెయ్య, నాలుగెకరాలు, వడమాలపేట.

"మీ అన్నదేనంట గదా సార్? పాపం. ఎట్ల అంటుకునిందో ఏమో," అన్నాడు.

పేరు ఉన్నచోటికి వెళ్ళి, 'కాలినది' అన్న గడిలో అవును అని కొట్టాను. నేనే కొట్టాను. ఆ గదిలో ఇంకెవరికీ టైపు రాదు. ప్రింటరు మొదలైంది. కీచుకీచుమంటూ ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది కాగితాలు. మా అన్న పేరు మొదటి కాగితంలో లేదు. చివరి కాగితంలో చివరి పేరు అదే. ఆ పేరు కొట్టి ప్రింటరు ఆగిపోయింది. దానికి ఇంక చెప్పడానికేం లేదు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి గేటు ముందు నాలుగు బండ్లు. మొదటి వరస ఖాయమని తెల్లవారకముందే అన్న నరికించడం మొదలుపెట్టి నాలుగు బండ్లు నింపేశాడు. ఊళ్ళో వాళ్ళు సాయం పట్టారు. అన్న ఒళ్ళంతా మసి. కనుబొమలు సగం కాలి ఉన్నాయి. బండి పక్కన వదిన, చేతిలో మజ్జిగ చెంబు. నన్ను చూడగానే అన్న మొహం విచ్చుకుంది. నల్లటి మొహంలో పళ్ళు తెల్లగా కనిపించాయి.

"వచ్చేసినామబ్బా," అన్నాడు.

చెంగయ్య లిస్టు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు, నా వైపు చూశాడు. నేను కాటా వైపు చూశాను.

"మునెయ్యా, నీది చివర పడింది. కాలిన తోటలకు ఇప్పుడు చివరి వరస. రూలు మారింది."

"ఎప్పుడు?"

"మొన్న గురువారం."

అన్న నవ్వాడు. నిజంగానే, తెరిపిగా నవ్వాడు. "కాదు సార్. నేను నిన్న మధ్యాన్నం అడిగినా కదా మావాణ్ణి. మారలేదని చెప్పినాడు." అని నా భుజం మీద చెయ్యి వేశాడు. నా తెల్లచొక్కా మీద ఐదు వేళ్ళు నల్లగా దిగాయి.

జనం పోగయ్యారు. దొరస్వామి కారు దిగి వచ్చాడు. చెంగయ్య ఆయన చెవిలో ఏదో చెప్పాడు. దొరస్వామి నా చొక్కా మీద వేళ్ళను చూశాడు.

"రూలు రూలే మునెయ్యా. అందరికీ ఒకటే."

"సరే సార్. మీ మాట కాదనను. కానీ మావాడు చెప్పినాడు, పుస్తకంలో లేని మార్పు లేనట్టేనంట. మీరే ఒప్పుకోని సంతకం పెట్టినారంట. ఆ పుస్తకం చూపిచ్చండి. రాసుంటే నేను బండ్లు తిప్పుకోని పోతా. మాట్లాడను."

చుట్టూ ఉన్నవాళ్ళు "ఆఁ, అది న్యాయం!" అన్నారు. దొరస్వామి కూడా తలూపాడు.

"న్యాయమే. ఆదిమూలం, పుస్తకం ఎత్తుకురా."

అని, "ఉండు, నేనూ వస్తా, చెప్పులు విప్పల్ల గదా," అంటూ నా వెనకే గదిలోకి వచ్చి తలుపు వేశాడు.

పుస్తకం తెరిచాను. ముప్పై ఒకటో మార్పు బుధవారంది. దాని కింద తెల్లకాగితం. దొరస్వామి జేబులోంచి తన కలం తీసి, మూత విప్పి, నా ముందు పెట్టాడు. అంతే. బెదిరించలేదు, టేబులు మీద కాగితం మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త బాగుండేది.

ముప్పై రెండు. గురువారం తేదీ. కాలిన తోటకు చివరి వరస.

దొరస్వామి కింద సంతకం చేశాడు. ఈసారి చిన్న సంతకం. అద్దుడు కాగితం కోసం వెతికితే దొరకలేదు. రెండుసార్లు ఊదాను. బయట ఎద్దుల గంటలు వినిపిస్తున్నాయి. ఇంక ఊదే వ్యవధి లేదు.

గేటు దగ్గర పుస్తకాన్ని అన్న చేతుల్లో పెట్టాను. మా అన్న చదువు మూడో తరగతి. వేలు పెట్టి, అక్షరం అక్షరం తడుముతూ చదువుతాడు. అలాగే చదివాడు. కా... లి... న... తో... ట... కు... ఆ వేలు 'చివరి' దాకా పోయి ఆగింది.

మసి మీద సిరా కనబడదు. కానీ కాగితం మీద అక్షరం సాగిపోయింది. 'చివరి' అన్న మాట పక్కకు ఒక నీలిగీత, బెత్తెడు పొడుగున. అన్న ఆ గీతను చూశాడు. తన వేలిని చూసుకున్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఏం మునెయ్యన్నా? ఉండాదా, లేదా? గట్టిగా చెప్పు!"

ఆ పుస్తకాన్ని అలా పైకెత్తి చూపించి ఉంటే చాలు. గేటు ముందు రెండు వందల మంది రైతులున్నారు. దొరస్వామి ఉండడు, నేనూ ఉండను. అన్నకు ఆ సంగతి తెలుసు. మూడో తరగతి చదువు చాలు దానికి.

అన్న పుస్తకం మూసి, అట్ట మీద పసుపును తువ్వాలుతో తుడిచి, నాకు ఇచ్చాడు.

"ఉండాదబ్బా," అన్నాడు అందరికీ వినబడేలా. "రాసిండారు."

బండ్లు తిప్పాడు. నాలుగు బండ్లు ఆ ఇరుకులో తిప్పడానికి చాలాసేపు పట్టింది. వదిన మజ్జిగ చెంబు పట్టుకుని చివరి బండి వెనక నడిచింది. నడుస్తూ ఒకసారి వెనక్కి తిరిగి నా నోటి వైపు చూసింది. కళ్ళ వైపు కాదు.

నాలుగో రోజుకు చెరుకు పులిసింది. వాసన ఊళ్ళోకి కొట్టింది. బంగారుపాళ్యం నుంచి పెనం తెప్పిద్దామని ఎవరో అంటే, పులిసిన రసం పాకానికి గడ్డ కట్టదని అన్నే చెప్పాడు. నరికింది గట్టు మీద పోశారు, నరకనిది నిలువునా ఎండింది. ఎద్దులు మూతిపెట్టి మళ్ళించుకున్నాయి. ఏప్రిల్ పద్దెనిమిదిన చివరి పేరు దాకా వరస వచ్చింది. అన్న పేరున కటింగ్ ఆర్డరు అచ్చయి వచ్చింది, అక్షరం తప్పు లేకుండా. నేనే చించి ఇంటికి తీసుకొచ్చాను. వదిన దాంతో పొయ్యి అంటించింది.

మే నెలలో నాకు ఉత్తరువు వచ్చింది. పర్మిట్టు వాళ్ళకు, పర్మినెంటు నాకు. ఈ మాట ఆఫీసులో చాలామందికి నచ్చింది. ఇంట్లో చెప్పలేదు.

అన్న మళ్ళీ చెరుకు నాటలేదు. ఆ నాలుగెకరాల్లో మామిడి మొక్కలు పెట్టాడు. వాటి కాయకు వరస ఎవరూ వేయరు, పండినప్పుడు పండుతుంది. నన్ను ఆయన ఒక్క మాట అనలేదు. గోడలు లేవలేదు, కుండలు వేరు పడలేదు. ఇప్పటికీ అదే ఇల్లు, అదే పంక్తి. నా మాటలకు ఆఫీసులో, పెళ్ళిళ్ళలో, బస్సుల్లో జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఇంట్లో నేను మాట కలిపితే అన్న మర్యాదకు చిన్నగా నవ్వుతాడు, ఇంటికి వచ్చిన కొత్త మనిషి మాటకు నవ్వినట్టు.

వదిన నాకు ఇప్పటికీ తనే వడ్డిస్తుంది. ఏమన్నా అడగాలనుకుంటే మాత్రం చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడుతుంది, నేను ముద్ద పూర్తిగా మింగేదాకా. మింగానని గొంతు కదిలినాక కూడా ఇంకొంచెం సేపు చూస్తుంది. ఆ తర్వాతే అడుగుతుంది.